“నీ ఇష్టం” అన్న మనిషికి

కళ్లజోళ్ల దుకాణం యజమానురాలినైన నేను, ఒళ్లు పాడైనా బుర్ర మాత్రం బాగానే ఉన్నదని తెలియజేస్తూ, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నన్ను బలవంతపెట్టే మొనగాడు మా ఇంట్లో ఎవడూ లేడు. దీన్ని అమలు జరపవలసినవారు వకీలుగారు.

1. దుకాణం, దానిపై మేముంటున్న రెండు గదులు నా స్వార్జితం. నా తదనంతరం ఇవి నా భర్తకు సర్వహక్కులతో చెందవలసినది. అయితే అయిదో అంశానికి లోబడి.

2. వీధంతా ఆయన్ని దేవుడంటుంది, నన్ను గయ్యాళి అంటుంది. ఆయన మొదటిసారి దుకాణానికి వచ్చిన రోజున కంటికి అద్దాలు మార్చి మార్చి పెట్టి, “ఇది బాగుందా, అది బాగుందా?” అని అడిగాను. “మీకేది బాగుంటే అదే” అన్నారు. అరిచే నాన్న దగ్గర పెరిగినదాన్ని, ఆ మెత్తదనానికి పడిపోయాను. నా ఖర్మ! ఇల్లు ఎక్కడ తీసుకుందామన్నా “నీ ఇష్టం.” బెడిసికొడితే తప్పు మాత్రం నాది. పిల్లలు కావాలా అంటే కూడా “నీ ఇష్టం.” అడిగీ అడిగీ వయసు దాటిపోయింది. మొగుడితో ఒక్కసారైనా పోట్లాడాలని మొహం వాచిపోయాను.

3. నాకు స్పృహ లేనప్పుడు, ఆపరేషన్ ఇవాళా రేపా అని డాక్టరు అడిగితే “మీ ఇష్టం” అన్నారట. తెల్లారేసరికి కాలు చెడింది, తీసేశారు. ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. అదొక్కటీ ఎవర్నీ అడక్కుండా చేశారు.

4. నా చేతి గడియారం ఆడపడుచుకు. నన్ను గయ్యాళి అన్న మొదటి నోరు ఆవిడదే, ఆస్పత్రిలో నాకు జడ వేసిన చెయ్యీ ఆవిడదే. గడియారం నడవదు. బాగుచేయించుకోమనండి.

5. సాక్షి సంతకం పెట్టినవారికి ఈ వీలునామా వల్ల చిల్లిగవ్వ రాదని వకీలుగారు చెప్పారు. అయినా రెండో సాక్షిగా నా భర్తనే అడుగుతాను. ముందు ఇదంతా ఆయనకు చదివి వినిపించాలి. “పెట్టను” అంటే చాలు, ఆస్తి ఆయనదే. ఆయన బదులు సంతకం పెట్టడానికి పక్క కొట్టు టైలరు గుమ్మం బయట కూర్చునే ఉన్నాడు. ఆ ఒక్క మాట వింటే హాయిగా చస్తాను. పెడితే మాత్రం అంతా నా చెల్లెలికి. అది నాతో మాట్లాడి ఏళ్లయింది. అయితేనేం, నాకు ఎదురు చెప్పిన మనిషి అదొక్కతే. ఆయన్ని గదుల్లో ఉండనివ్వాలో, బయటికి పంపాలో దాని ఇష్టం.

తేదీ: మార్చి తొమ్మిది, సాయంత్రం

(సంతకం) దుకాణం యజమానురాలు

సాక్షులు:

1. వకీలుగారి గుమాస్తా

2. యజమానురాలి భర్త. మొత్తం చదివి వినిపించాక “నీ ఇష్టం” అని, ఎక్కడ పెట్టాలో ఆమెనే అడిగి సంతకం పెట్టినవారు.