పీ అక్షరమొస్తే

శైలూ బిడ్డా,

నా కొడుకు క్రాంతి నిన్ను శైలూ అని పిలిచేటోడని నేను గూడ గట్లనే రాస్తున్న. సకల జనుల సమ్మెల బస్సులు బందై, వాడు బండి మీద కోరుట్లకు వస్తుంటే లారీ గుద్ది పోయి నెల దాటింది. వాని పని ఇప్పుడు నువ్వే చేస్తున్నవని మీ ఆఫీసోళ్లు చెప్పిండ్రు.

మీరు చేసిన సాఫ్ట్‌వేర్ సర్వర్ మీదికి ఎక్కిందా లేదా అని అడిగితే, ఏపీఐ అనేది జవాబు చెప్తదట. గా జవాబు ఒక్క అక్షరంల నా ఫోన్‌కు గూడ వచ్చేటట్టు క్రాంతి పెట్టిండు.

"అమ్మా, పీ అక్షరమొస్తే పెండింగ్, నేనింక తినలే. ఎస్ వస్తే సక్సెస్, తిన్న" అన్నడు.

"ఎఫ్ వస్తేనో?" అన్న.

"ఫెయిల్, సారుతోని తిట్లు తిన్న" అని నవ్విండు.

వాడు పోయినా మెసేజ్‌లు ఆగలే. మొన్న మీ ఆఫీసాయన ఫోన్ చేసి నా నంబరు తీసేస్తమన్నడు. తియ్యద్దని చెప్పు బిడ్డా. గవి వాడు పంపుతలేడని నాకెరుకనే. నీ పనివని గూడ ఎరుకనే.

నిన్న పొద్దుగాల సంది పీ అక్షరమే ఉన్నది. సాఫ్ట్‌వేర్ ఎప్పుడన్న ఎక్కుతది. నువ్వు లేచి కడుపు నిండ తిను.