కుర్చీకి ఒక నిట్టూర్పు

ప్రియమైన శ్రీవారికి,

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో నాకు నోరు పెగలదని మీకు తెలుసు. మెసేజీ పెడదామంటే అది వదిన ఫోను. మీకంటే ముందు ఆవిడే చదివి, "మా తమ్ముడికి ముద్దులేమీ రాయలేదేం?" అంటుంది. అందుకే ఈ కాగితం.

మీరు పంపిన చిన్న సినిమాలు ఆదివారం ఇద్దరం చూశాం. బొమ్మల సినిమా అంటే పిల్లలకి పెట్టే కుందేలూ ఎలుకా అనుకునేదాన్ని. ఇన్ని రకాలుంటాయా! ఇసుకతో గీసిన ముసలావిడ చూస్తుండగానే చేపయింది, చేప పడవయింది. ఊలు నక్క పరిగెత్తినకొద్దీ దాని తోక ఊడి దారమైపోతోంది. "అయ్యో, ముడేసుకోవే!" అని వదిన అరిచింది. ఇంకోదాంట్లో ఉన్నదంతా ఒకే గీత. ఆ గీతే మనిషి, ఆ గీతే మెట్లు. కిందికి దిగడానికి మెట్లు చాలక, తన కాళ్ళ గీతనే లాగి మెట్టు చేసుకున్నాడు. పడుకున్నా వాడే గుర్తొచ్చాడు.

మర్నాడు లాండ్రీలో హోటలు దుప్పట్లు మడత పెడుతుంటే, ఆవిరికి ఒక దుప్పటి పైకి లేచి కొంగలా కనిపించింది. చూస్తూ నిలబడిపోయాను. "ఏమ్మా, నిలబడే నిద్రా?" అన్నాడు మేస్త్రి. నిద్ర కాదు గానీ అలసట నిజమే. సాయంత్రానికి కాళ్ళు నావి కావు.

మీరిప్పుడు చేస్తున్న సినిమా అవగానే నన్ను అక్కడికి తీసుకెళ్తానన్నారు. కిందటి సినిమాకీ అదే అన్నారు. గుర్తు చేస్తున్నానంతే.

మీ
ఇంటావిడ

*

ప్రియమైన నా మూగనోముకి,

నీ కొంగ సంగతి బల్ల దగ్గరే చదివి నవ్వాను. మోచెయ్యి తగిలి బొమ్మ పడిపోయింది. పొద్దుటి నుంచి చేసిన పని మళ్ళీ మొదటికొచ్చింది. తప్పు నీదే! బొమ్మని వెంట్రుకవాసి కదపడం, ఫొటో తీయడం, మళ్ళీ కదపడం. రోజంతా చేస్తే తెరమీద రెప్పపాటు.

ఇప్పుడు చేస్తున్నది మట్టి కుర్చీ కథ. ఇంటిల్లిపాదీ దానిమీద కూర్చుంటారు. అది మాత్రం ఎప్పుడూ నిలబడే ఉంటుంది. చివర్లో అందరూ వెళ్ళిపోయాక, నాలుగు కాళ్ళూ ముడుచుకుని తను కూర్చుంటుంది. మాటల్లేని సినిమా కాబట్టి అక్కడ ఒక్క నిట్టూర్పు వినపడాలి. పేరున్న నటులతో చేయించి చూశాం. ఒకాయనది సైకిలు ట్యూబులో గాలి పోయినట్టుంది. ఒకావిడ కుర్చీని ప్రేమలో పడేసింది.

పెళ్ళయిన కొత్తలో నువ్వు పని నుంచి వచ్చి గడప మీద కూలబడి ఒకటి విడిచేదానివి. అది కావాలి. అక్క ఫోన్‌లో రికార్డు చేసి పంపు.

నీ
బొమ్మలవాడు

*

ప్రియమైన శ్రీవారికి,

నా నిట్టూర్పు ముక్కూ ముఖం తెలియనివాళ్ళంతా వినాలా? సిగ్గుతో చచ్చిపోనూ!

అయినా మీరు అడిగారని ప్రయత్నించాను. వదిన ఫోను నా మూతికి ఆనించి, "ఊఁ, కానీ. మీ ఆయన సంపాదన తలుచుకో, దానంతటదే వస్తుంది" అంది. ఇంకేముంది, ఇద్దరం పడీ పడీ నవ్వాం. అదే రికార్డయింది. పని నుంచి రాగానే కూడా చూశాను. ఫోను కనపడితే చాలు, వచ్చేది కూడా గొంతులోనే ఆగిపోతోంది. నిట్టూర్పు పిల్లిలాంటిదండీ, పిలిస్తే రాదు. రేపటి నుంచి నేను ఇంటికొచ్చే వేళకి ఫోను రికార్డులో పెట్టి అల్మరాలో ఉంచుతానంది వదిన. నన్ను దాని సంగతే మరిచిపొమ్మంది.

అయినా వచ్చే నెల వస్తారుగా. ఎదురుగా కూర్చుని విడుస్తాను, పట్టుకోండి. నా బట్టలు సంచిలో సర్దేశాను.

మీ
ఇంటావిడ

*

ప్రియమైన మూగనోముకి,

సినిమా దాదాపు అయిపోయింది. నీ నిట్టూర్పే మిగిలింది.

ఒక మాట. ఇది అవగానే దూదితో మేఘాల సినిమా మొదలుపెడతారట. నన్నే చేయమన్నారు. వదులుకుంటే మళ్ళీ రాదు. ఇక్కడ గది ఇరుకు, మంచం నిండా బొమ్మల సామాను, నువ్వొస్తే ఇబ్బంది పడతావు. ఇంకొక్క ఆరు నెలలు ఓపిక పట్టు. నీకు ఓపిక ఎక్కువేగా.

ఆ నిట్టూర్పు మాత్రం త్వరగా పంపు.

నీ
బొమ్మలవాడు

*

శ్రీవారికి,

మీరు అడిగింది వదిన ఫోన్ నుంచి పంపాను. ఒక్కటే వచ్చింది. ఎలా వచ్చిందని అడగకండి.

బట్టల సంచి విప్పేశాను.

నేను

*

నా మూగనోముకి,

ఎలా వచ్చిందని అడగను. విన్నాను.

సౌండు చూసే అతను పెద్ద స్పీకర్లలో పెట్టాడు. మొదట కవరు చింపిన చప్పుడు. కాగితం విప్పిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు, చాలాసేపు. మళ్ళీ కాగితం మడిచిన చప్పుడు. అప్పుడు నువ్వు. "ముందున్న కాగితం గోల కోసేద్దామా?" అన్నాడతను. ఆ కాగితం మీద ఏముందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. తలెత్తలేకపోయాను.

నిన్న సినిమా వేశారు. కుర్చీ కూర్చోగానే నీ నిట్టూర్పు హాలంతా వినపడింది. మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళకి నేను దొరకలేదు. బయట మెట్ల మీద కూర్చున్నాను. మట్టి కుర్చీకి కూర్చునే వేళ వచ్చేదాకా అన్ని నెలలు దాని పక్కనే ఉన్నాను. నిన్ను మాత్రం ఓపిక పట్టమన్నాను.

మంచం మీది సామాను ఎత్తేశాను. మేఘాలు నువ్వొచ్చాకే మొదలవుతాయి, అలాగే చెప్పాను. వాళ్ళు ఒప్పుకోకపోతే వేరేవాళ్ళు చేసుకుంటారు. శుక్రవారం వస్తున్నాను. ఆ సంచి మళ్ళీ సర్దుతావా?

నీ
బొమ్మలవాడు

*

ప్రియమైన శ్రీవారికి,

సర్దాను. మూడోసారి సర్దడం మాత్రం నావల్ల కాదు, ముందే చెబుతున్నాను.

పని మానేస్తున్నానని మేస్త్రికి చెప్పాను. "మళ్ళీ ఇక్కడికే వస్తావులే" అన్నాడు. జీతం లెక్క తీసుకుని వచ్చేశాను. నోరు తెరిస్తే కూడగట్టుకున్న ధైర్యం జారిపోతుందని భయం.

సినిమా వదిన ఫోన్‌లో చూశాం. కుర్చీ కాళ్ళు ముడుచుకోగానే, "ఒసేయ్, ఇది నువ్వే!" అని వదిన నవ్వబోయి ఆగిపోయింది. నా భుజం మీద ఒకసారి చెయ్యేసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకపోవడం నేను చూడటం ఇదే మొదలు.

ప్రయాణానికి రోజంతా పడుతుందన్నారు. మీ గదికి రాగానే, గది ఎంత ఇరుకో, సామాను ఎక్కడ పెట్టారో చూడను. ముందు కూర్చుంటాను. కూర్చోగానే ఒకటి వస్తుంది, ఆపుకోలేను.

అది సినిమాకి కాదు. రికార్డు చేయకండి.

మీ
మూగనోము