నాన్న వేసిన కేసు

కోజికోడ్

అమ్మకు, నేను క్షేమం. తన పోషణ కోసం నాన్న నా మీద వేసిన కేసు సంగతి తలచుకుని బెంగపడకు. ఇరవై ఆరేళ్ల తర్వాత నాన్నను నిన్న ఆర్డీవో ఆఫీసులో చూశాను. చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"చిన్నప్పుడే వదిలేసి పోయాడంటున్నావు. పోషించనంటే అదే రాసుకుంటానమ్మా" అన్నారు ఆర్డీవో.

"నన్ను పెంచింది మా అమ్మండీ. ముసలివాళ్లని పస్తులుంచడం ఆవిడ నాకు నేర్పలేదు. ఆయన తిండీ మందులూ నేను చూస్తాను. ఇంటికి మాత్రం తీసుకురాను" అన్నాను. నాన్న తల వంచుకుని సంతకం పెట్టాడు.

మిరియాలు ఎండాయా? మోకాళ్ల నూనె బస్సులో పంపాను, రోజూ రాసుకో. వాసంతి పిన్నిని అడిగానని చెప్పు.

బయటికొచ్చాక "మీ అమ్మ ఎలా ఉంది?" అన్నాడు నాన్న. చెప్పాలో వద్దో నువ్వే రాయి.

నీ ప్రసీద