మా గుంట బురద ఎలుక పెంటికలు కావని మనవి

కనెదా పట్టణ పారిశుద్ధ్య శాఖాధికారి శ్రీ హిరాటా గారి సముఖమునకు

అయ్యా,

విషయం: చేపల గుంట అడుగు బురదను రేపు లారీలలో తోలించు ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

తూర్పు వీధిలో బంగారు చేపపిల్లలను పెంచి బ్రతుకు ఉకితా తొమె గారి మనుమడను, ఎయికిచి అనువాడను వ్రాసుకొన్న మనవి.

1. మా గుంట నీరు పచ్చగా ఉండుట మురికి గాదు. కోడిపెంట, సోయా పిప్పి వేసి మేమే పచ్చబరుస్తాము. ఆ పచ్చదనాన్ని మిజింకో అనే నీటిపురుగు తింటుంది. ఆవగింజంత కూడా ఉండదు; ఒళ్ళు గాజు, కడుపులోని పచ్చమేత బయటికే కనబడుతుంది. దాన్ని చేపపిల్ల తింటుంది. చేపపిల్లను అమ్మి మేము తింటాము. ఇందులో తమకు అసహ్యము కలిగించినది ఏ మెట్టో తెలుపగోరుతాను.

2. గవర్నరు గారు వస్తున్నారని, "నీళ్ళు అద్దంలా ఉండాలి" అని తమరు ఏటి తూమును మా గుంటలోకి తెరిపించినారు. పచ్చనీరు కొట్టుకుపోయింది. అద్దం వచ్చింది. గవర్నరు గారు అందులో మొహం చూసుకుని వెళ్ళినారు. మిజింకోలకు కరువు వచ్చింది. కడుపు నిండినన్నాళ్ళూ అది మగతోడు లేకుండానే కూతుళ్ళను కంటుందని చేపల పెంపకం కరపత్రాలలో చదివాను. మేత తగ్గితే మగవాటిని కంటుంది. అప్పుడు జతకూడి, నల్లని గట్టి పెంకులో గుడ్లు దాచి చస్తుంది. తాను ఆకలితో పోతూ పిల్లలకు మంచిరోజులు వస్తాయని నమ్మే ప్రాణి అది. తమ కార్యాలయంలో అటువంటిది ఒక్కటీ నాకు కనబడలేదు.

3. ఆ గుడ్లు నీటిపై తేలితే తమరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టి, "ఛీ ఛీ, ఎలుక పెంటికలు! ఏం మనుషులమ్మా మీరు?" అన్నారు.

"కాదు బాబూ, వచ్చే వసంతానికి విత్తనాలు" అంది మా బామ్మ.

"నాటితే ఎలుకలు మొలుస్తాయా?" అని తమరు నవ్వితే గుమస్తాలూ నవ్వినారు. ఆ నవ్వు మీదనే ఉత్తర్వు రాసినారు.

గుంట ఎండగట్టండి, అభ్యంతరము లేదు. ఏటా చలికాలం మేమూ ఎండగడతాము. అడుగు బురదలోకి దిగిన ఆ గుడ్లు ఎండకూ మంచుకూ చావవు. వసంతంలో నీరు పెడితే బురదలోంచే లేస్తాయి. బురదే పోతే కొత్తగా పుట్టిన చేపపిల్లలకు మొదటి మేత లేదు. వారం తిరక్కుండా తెల్లగా తేలతాయి. ఆపైన బామ్మకు గుంట ఉండదు.

4. బామ్మ పొద్దుటినుంచి తమవాళ్ళు నీళ్ళు తోడేసిన గుంట నడుమ, బురద మీద చాప వేసుకుని కూర్చుంది. "లేవవే, జలుబు చేస్తుంది" అన్నాను. "నువ్వెళ్ళి కాగితం రాసుకోరా. నీ కాగితం పనిచేయకపోతే నా పిర్రలు పనిచేస్తాయి" అంది.

కావున లారీలను ఆపించి, ముక్కు మూసుకునియైనా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు (బురద కదలనంత వరకే),
ఉకితా ఎయికిచి

తా.క.: బామ్మ ఇది కూడా రాయమంది. "చిన్నప్పుడు వేసవి జాతరలో, కాగితపు గరిటెతో చేపను పట్టే మన ఆట దగ్గర గరిటె చిరిగితే ఆ హిరాటా పిల్లాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎర్రదొకటి ఊరికే ఇచ్చి పంపా. చాలా ఏళ్ళు బతికిందని వాళ్ళమ్మ చెప్పేది. అదేం తిని పెరిగిందో అడుగు." అడుగుతున్నాను. జవాబు గుంట దగ్గరికి వచ్చి ఆవిడకే చెప్పండి. రుమాలు తేవద్దు. పారలవాళ్ళను ఆపడానికి రెండు చేతులూ కావాలి.