గడ్డి కడుపులో బూజు

కరీంనగర్, ఆగస్టు 3

పరశురాములు కాకకు మధులిక నమస్కారాలు.

మూసేసిన బొగ్గు గని మట్టిదిబ్బ మీద నేను పెంచుతున్న గడ్డికి నువ్వు కాపలా ఉండబట్టే నా పరిశోధన సాగుతోంది. ఒక మాట ముందే చెప్పవలసింది. ఆ గడ్డి లోపల కంటికి కనపడని బూజు ఉంది. నా మూడేళ్ల చదువంతా దాని మీదే. దీపావళిలోపు పరీక్షకులకు చూపించాలి. లేకపోతే పట్టా రాదు.

ఇట్లు,
నీ మధులిక

తా.క. దిబ్బ మీద ఫోను పలకదు. ఉత్తరమే రాయి.

లక్సెట్టిపేట, ఆగస్టు 9

బిడ్డ మధులికకు కాక దీవెనలు.

నీ ఉత్తరం సదివినంక నాకు బువ్వ పోలే. గడ్డికి బూజు పడితే మూడేండ్లకు చెప్తివా? ఫికర్ చెయ్యకు. ముప్పై ఏండ్ల సంది పత్తి పండిస్తున్నోన్ని, బూజు మందు నాకు తెల్వదా? పొద్దుగాలనే కొట్టిన.

నీ మేలు కోరే
పరశురాములు

తా.క. మందు సగం మళ్లకే వచ్చింది. కడమయి ఐతారం కొడ్త.

కరీంనగర్, ఆగస్టు 12

కాకా, ఆగు! నమస్కారం తర్వాత పెడతాను.

అది రోగం కాదు. బొగ్గు మట్టిలో గడ్డిని బతికించేది ఆ బూజేనని నా నమ్మకం. గడ్డి దానికి తిండి పెడుతుంది, అది గడ్డికి పని చేసి పెడుతుంది. ఇల్లరికం అల్లుడనుకో. నువ్వు మందు కొట్టింది నా పట్టాకి. రెండు రోజులుగా ఏడుస్తున్నాను.

మధులిక

తా.క. నీ మీద కోపం లేదు. ఉంది.

లక్సెట్టిపేట, ఆగస్టు 20

బిడ్డా, కాక తల దించుకొని రాస్తుండు.

ఇల్లరికమంటే సమజైంది. నేను సుత ఇల్లుటం వచ్చినోన్నే. సాటి అల్లుణ్ణి సంపితినని మస్తు పరేషాన్ అయిన. అందుకే మా ఇంటామె సత్తమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు జాడీల బూజు గోకి, మందు కొట్టిన మళ్లల్ల చల్లిన.

నీ పాపపు కాక

తా.క. సత్తమ్మ తొక్కుకు బూజు పట్టిందని వాడంత తెల్సింది. నాతోని మాట్లాడుతలేదు.

కరీంనగర్, అక్టోబరు 10

కాకకు వెయ్యి నమస్కారాలు.

నిన్న మా గైడు సంతోష్‌రావు సార్ దిబ్బ చూశారు. మందు కొట్టిన మళ్లు మాడిపోయాయి, కొట్టనివి మోకాలెత్తు పెరిగాయి. మందు ఘాటుకే మాడాయేమోనని అదే మందు నీ చేను గట్టు గడ్డికి కొట్టి చూశాం కదా, దానికేమీ కాలేదు. తొక్కు బూజు పనికి రాలేదు. గడ్డికి దాని బూజే కావాలన్నమాట. బూజు లేకపోతే గడ్డి ఏమవుతుందో చూపించమని సార్ మూడేళ్లుగా అడుగుతున్నారు. ముద్దుగా పెంచుకున్నదాన్ని చంపడానికి నాకు చెయ్యి రాలేదు కాకా. పట్టా ఖాయమన్నారు.

సగం మళ్లకే మందు కొట్టే ఈ ఆలోచన ఎవరిదని సార్ అడిగితే నాదే అన్నాను. అన్నం సహించక సాయంత్రం సార్‌కి ఫోన్ చేసి నీ పేరు చెప్పాను. సోమవారం పరీక్షకుల ముందుకు నువ్వూ రావాలి.

నీ బిడ్డ
మధులిక

తా.క. మందు ఎందుకు కొట్టావని అడిగితే వెంటనే చెప్పకు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని అప్పుడు చెప్పు. మా సార్లందరూ అట్లనే చెప్తరు.