దరువుకు మెరిసే లైట్లు

నౌఫల్,

నువ్వు చేసిన లైట్ల పెట్టె స్విచ్ వెయ్యకురా. ప్లగ్గు పీకేశాను. నువ్వు బజారుకెళ్ళాక రిహాబ్ దాని ముందు కూర్చుని దరబుకా డోలు వాయించింది. పెట్టెలో మైకు ప్రతి దరువునూ పట్టుకుని లైట్లు వెలిగించింది. వాయింపు జోరెక్కేసరికి అవి టపటపా కొట్టుకున్నాయి. పిల్ల కళ్ళు తేలేసి పడిపోయింది, ఒళ్ళంతా కొట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అంత వేగంగా మెరిసే వెలుగు కొందరికి ఫిట్స్ తెప్పిస్తుందని డాక్టరు ఫోనులో అన్నాడు. డోలు ఎంత జోరుగా మోగినా సెకనుకు ఒక్కసారికి మించి వెలగకుండా మార్చు. లేకపోతే నీ పెళ్ళికి అవి వద్దే వద్దు. పొయ్యి ఆపేశాను, కుస్కుస్ ఉడకలేదు. త్వరగా ఆసుపత్రికి రా.

అక్క

కళ్ళు తెరవగానే రిహాబ్ "అమ్మా, మావయ్యను తిట్టకు" అంది. అప్పటికే వీధంతా వినేలా తిట్టేశాను.