ఒకే నంబరు, ఐదుగురు

అక్కా,

ఫోన్‌లో చెప్పాల్సిన సంగతే. కానీ దర్జీ కొట్లో మేకుకు వేలాడే ఆ ఫోన్ మీ ఐదుగురిలో ఎవరు ఎత్తుతారో తెలియదు. ఇది నువ్వొక్కదానివే చదవాలి. తిట్టాలనిపిస్తుంది, చివరిదాకా చదివి తిట్టు.

నీ లోన్ ఎందుకు కాదన్నారో చెప్పలేదని నువ్వు బాధపడితే, “మా ఆఫీసులో అప్పుల సంగతంతా కంప్యూటర్ ప్రోగ్రామే చూసుకుంటుంది, నాకేం తెలుసు” అన్నాను. ఇప్పుడు అప్పులిచ్చే ఆఫీసులను తనిఖీ చేసే నియంత్రణ మండలి వాళ్ళు, కాదన్న ప్రతి అప్లికేషన్‌కూ మనిషికి అర్థమయ్యే కారణం రాసివ్వమన్నారు. సోమవారం వచ్చి విచారిస్తారట. రెండు వందల ఫైళ్ళు నా బల్ల మీద పడ్డాయి. పదిహేడోది నీది. అందులో ఒకే ముక్క: “ఒకే నంబరుతో ఐదు అప్లికేషన్లు, మోసం అనుమానం.” ఆ నియమం నాదే అక్కా.

మూడేళ్ళ కిందట ఒక బ్రోకర్ ఒకే నంబరు మీద ముప్పై దొంగ పేర్లు పెట్టి డబ్బు ఎత్తుకుపోయాడు. అప్పుడు, ఒక నంబరు ఇద్దరికి మించి కనిపిస్తే పక్కన పడేసేలా ప్రోగ్రామ్‌లో పెడదామన్నది నేనే. అప్పటి మేనేజర్ మెచ్చుకుని జీతం పెంచాడు. ఆ డబ్బుతోనే నీకు ఇస్త్రీపెట్టె కొన్నాను. మొన్న సెలవురోజు మీ కొట్లో కూర్చుని గుండీలకు కాజాలు కుట్టే పిన్నికీ, మిగతా ముగ్గురికీ ఫారాలు నింపి, “ఫోన్ లేకపోతే ఏం, అక్క నంబరు రాయండి” అన్నదీ నేనే. రాస్తున్నప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు.

స్కూలు బట్టల ఆర్డరు చేజారక ముందే ఒక దారుంది. కొత్త నంబరు తీసుకుని నువ్వొక్కదానివే మళ్ళీ అప్లై చెయ్యి. ఆ మేనేజర్ వెళ్ళిపోయాడు, ఆ నియమం ఎవరిదో ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది.

నీ చెల్లి

*

మా లెక్కలమ్మకు,

నీ ఉత్తరం చదివి కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోన్ రానందుకు కాదు. “నువ్వొక్కదానివే” అన్న మాట నా చెల్లెలి చేతి రాతలో చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

ఆ ఆర్డరుకు ఐదు కరెంటు మిషన్లు కావాలి, ఎవరి మిషను వాళ్ళ పేరు మీద. ఒక్కదాన్ని తెచ్చుకుని నేనేం చేసుకోను? నీ కాలేజీ ఫీజు కట్టిన నెలలో పిన్ని జీతం ముట్టుకోలేదు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఆవిణ్ణి దొంగల్లో వదిలేసి నన్ను మాత్రం బయటికి రమ్మంటావా?

ఆ ప్రోగ్రామ్‌కు మా మొహాలు తెలియవు. నీకు తెలుసు కదే. సోమవారం నోరు విప్పు. ఉద్యోగం ఊడితే ఇక్కడికి రా, కాజాలు కుట్టిస్తాను. నీ కుట్టు సంగతి తెలుసు కాబట్టి జీతం మాత్రం అడక్కు.

అక్క

*

అక్కా,

చెప్పేశాను. నియమం నాదేనని, ఆ ఐదుగురూ నిజం మనుషులేనని లేచి చెప్పి నీ ఫైలు వాళ్ళ ముందు పెట్టాను.

కొత్త మేనేజర్‌కు కోపం వచ్చింది. “ఇలా ప్రతిదానికీ అడ్డం పడితే చిన్న కొట్లవాళ్ళకు అప్పులివ్వడమే మానేస్తాం” అన్నాడు. మండలి పెద్దావిడ తొణకలేదు. “మానెయ్యమనడం లేదండీ, చూసి ఇమ్మంటున్నాం. ఈ నంబరుకు మీలో ఎవరైనా ఒక్కసారి ఫోన్ చేశారా?” అంది.

ఎవరూ చెయ్యలేదక్కా. ఈ నంబరుకే కాదు, మూడేళ్ళలో ఏ నంబరుకూ. నేనూ చెయ్యలేదు.

ఆవిడ ఫైలు చూసి అక్కడే నంబరు నొక్కి, అందరికీ వినిపించేలా ఫోన్ బల్ల మీద పెట్టింది. ఎత్తింది పిన్ని. నీకు చెప్పే ఉంటుంది. ఇక మీదట ఫోన్ చేసి మాట్లాడకుండా ఒకే నంబరన్న కారణంతో ఎవరినీ కాదనకూడదని ఆ పూటే రాయించారు. పక్కన పడేసినవన్నీ మళ్ళీ తెరుస్తున్నారు, మీ ఐదూ వాటిలోనే. నా ఉద్యోగం మాట ఇంకా తేల్చలేదు. కాజాల సూది ఒకటి పక్కన పెట్టి ఉంచు.

పిన్ని అన్న మాట మాత్రం చెవిలోంచి పోవడం లేదు. “దర్జీ కొట్టండీ. ఎవరు కావాలి? ఐదుగురం ఇక్కడే ఉన్నాం.”

నీ చెల్లి